మొహం ఏడిస్తే

“ఏడవ్వే చిట్టెమ్మా! మునసబు గారు తాలూకా నించి వచ్చేశారు. లాకుల కాడ పడవ దిగారంట,” పొరుగింటి పాపాయమ్మ చెవిలో గొణిగింది.

చిట్టెమ్మ అత్త సూరమ్మ శవం అరుగు మీద ఉంది. రాత్రి సుష్టుగా తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. ముందురోజే అత్తాకోడళ్ళు నూతి దగ్గర జుట్లు పట్టుకున్నారు. ఊరంతా చూసింది. ఇప్పుడు ఊరంతా చిట్టెమ్మ కళ్ళనే చూస్తోంది. అవి పొడిగా ఉన్నాయి.

“రావట్లేదు పిన్నీ. భయానికి నోరు కూడా ఎండిపోయింది. నేనేం చెయ్యలేదు, నీమీదొట్టు.”

“నాకు తెలుసే. ఆయనకి తెలియొద్దూ? అనుమానమొస్తే శవాన్ని లేవనివ్వడు.”

“నువ్వు ఎవరింట్లో చావైనా ఏడుస్తావుగా. ఎలాగొస్తుంది?”

“మనసునడిగితే రాదు. ముందు మొహాన్ని ఏడిపించాలి. కనుబొమలు దగ్గరికి లాగు. పెదాల చివర్లు కిందికి దించు. గడ్డం వణకనీ.”

చిట్టెమ్మ అలాగే చేసింది.

“ఏంటా మొహం, చింతకాయ కొరికినట్టు? ఇంకొంచెం దించు. ఊపిరి ముక్కముక్కలుగా తియ్యి.”

తీసింది. మొహాన్ని అలాగే పట్టి ఉంచింది. కాసేపటికి ముక్కు చురచురలాడింది. కిందటేడు జ్వరమొస్తే అత్త తన అరికాళ్ళకు ఆముదం రాసిన సంగతి ఎక్కడినుంచో వచ్చి కళ్ళముందు నిలిచింది. చిట్టెమ్మ ఒక్క కేక పెట్టి శవం మీద పడింది.

“అత్తోయ్! నన్నొదిలేసి పోయావా అత్తోయ్!”

నలుగురు పట్టుకున్నా ఆగలేదు. తల నేలకేసి కొట్టుకుంది.

“చాల్లేవే,” పాపాయమ్మ గాభరాగా చెయ్యి లాగింది. “నేర్పిన నాకే దడ పుడుతోంది.”

చిట్టెమ్మకు వినబడలేదు. ఇప్పుడు ఆపుదామన్నా మొహం ఆమె చేతిలో లేదు.

మునసబు పల్లంరాజు గారు వాకిట్లో నిలబడి చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

“ఇరవయ్యేళ్ళ మునసబీలో ఎన్ని చావులు చూశానో. అత్త కోసం ఇంతలా ఏడ్చిన కోడల్ని మాత్రం చూడలేదు,” అన్నారు.

పాపాయమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది.

ఆయన ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుని తలారి వైపు తిరిగారు.

“శవాన్ని కదపనివ్వకు. పోలీసులకి కబురెట్టు.”