అద్దం కింద కార్డు

అక్కా, నా కోడిగీతలకీ తప్పులకీ ఏమీ అనుకోకు.

మీ మరిది తీగలకు బదులు లేజరు కిరణాలతో చేసిన వాయిద్యానికి పేటెంటు వచ్చింది. కిరణానికి చెయ్యి అడ్డుపెడితే పలుకుతుంది. ఆ తీయదనమంతా అద్దాలు అమర్చిన కొలతల్లోనే ఉందంటారు.

అవే కొలతలతో రెండోది చేస్తే గరగరమంటోంది. రేపు కంపెనీవాళ్ళు వచ్చి వింటారు. "లెక్క సరిగ్గానే ఉందే! దీనికేం రోగమే?" అని నా మీద అరుస్తున్నారు. మూడు రోజులుగా నాకు కాలు నిలవడం లేదు.

అప్పట్లో మొదటిదాన్ని తుడుస్తూ ఓ అద్దం కదిపేశాను. భయపడి, నీకు రాసిన కార్డు మడిచి దాని కింద దోపాను. ఆ సాయంత్రమే అది మొదటిసారి తీయగా పలికింది.

ఇందాక ఆయన స్నానానికి వెళ్ళగానే రెండోదానిలో ఆ అద్దం కిందా ఓ కార్డు దోపాను.

"చూశావటే, నా లెక్క తప్పదు!" అని ఇప్పుడే కేకేశారు.

చదివి కాల్చెయ్యక్కా.