మాయమైన మహారాజు

“మహారాజుకి కిరీటం పెట్టొద్దా?” అడిగాడు కంప్యూటరు మాస్టారు.

“వద్దు. బట్టతల. అలాగే ఉండనివ్వండి,” అన్నాడు కళ్లజోళ్ల దుకాణదారు.

మాస్టారు పై వాటాలో దిగి నిండా నెల కాలేదు. కింద వాటాలో ఉండే ఈ దుకాణదారు పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, తనకో కంప్యూటరు ఆట తయారుచేసిపెట్టమని భీష్మించుకు కూర్చున్నాడు. రాతతో నడిచే ఆట. ‘మంచం కింద చూడు’ అని టైపు చేస్తే, అక్కడేముందో తెర మీద అక్షరాల్లో వస్తుంది. పక్కన ఫొటో, వెనక శబ్దం. రాజభవనంలో మహారాజు మాయమయ్యాడు, వెతికి పట్టుకోవాలి. అంతే కథ.

ఇలాంటివి తయారుచేసే సాఫ్ట్‌వేరు ఊరికే దొరుకుతుంది. రాజభవనం కోసమూ దూరం పోలేదు. కింద వాటానే రాజభవనం. రెండు గదులు, వంటిల్లు, సామాన్ల గది. దుకాణదారు మూల మూలా ఫొటోలు తీశాడు. గది గదిలోనూ ఫోను నేల మీద పెట్టి చప్పుళ్లు రికార్డు చేశాడు. ఫొటోల్లో నేలంతా పిండి చల్లి ఉంది. ప్రతి గుమ్మం దగ్గరా ఒక క్యాబేజీ ఆకు ఉంది.

“ఇదేంటండీ?” అన్నాడు మాస్టారు.

“రాజభవనం కదా. కాస్త హంగు ఉండాలి.”

“మహారాజు వయసెంత?”

“అరవై దాటింది. మాట్లాడడు. మెట్లెక్కలేడు. నడక మరీ నిదానం. కానీ మనం రెప్పవేస్తే మాయం. చీకటిగా, వెచ్చగా ఉన్న చోటంటే ప్రాణం.”

“ఇలాంటివాడు రాజ్యం ఎలా ఏలాడండీ?”

“బాగానే ఏలాడు. ఎవరి జోలికీ పోలేదు.”

మాస్టారు అదీ రాసుకున్నాడు. “సరే, ఆయన్ని ఎక్కడ దాచారో చెప్పండి. ప్రోగ్రాములో పెట్టాలి.”

దుకాణదారు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. “చెప్పను. చెబితే మీరేం ఆడతారు?”

మాస్టారు ముచ్చటపడిపోయాడు. ఆట మీద ఇంత నిష్ఠ ఉన్నవాణ్ణి అతను చూడలేదు. ఎవరైనా కొత్త చోట వెతికితే, ఆ మాట దుకాణదారు ఫోనుకే వెళ్లేలా, ఆయనే బదులు రాసేలా అమర్చాడు.

“టికెట్టు పెడదామా?”

“వద్దు, ఉచితం. ఎంతమంది వస్తే అంత మంచిది. మా ఆవిడ వాళ్ల చెల్లెలింటి నుంచి ఆదివారం వచ్చేస్తుంది. ఆలోగా ఎవరో ఒకరు మహారాజును పట్టుకోకపోతే నాకు ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు.”

“నాకు తెలుసండీ. మా ఆవిడకీ ఆటలంటే పడదు,” అన్నాడు మాస్టారు జాలిగా.

ఇక పంచడం మొదలైంది. జోడు కొన్నవాళ్ల డబ్బాలో ఆట లింకు ఉన్న చీటీ పడింది. కళ్ల పరీక్ష అట్ట మీద ఆఖరి వరుస కూడా ఆ లింకే అయింది. దాన్ని తడుముకోకుండా చదివినవాళ్లు తమకు జోడు అక్కర్లేదని తెలుసుకుని, ఇంటికెళ్లి ఆట మొదలుపెట్టారు. బేరాలు పోతున్నా దుకాణదారుకు చీమ కుట్టినట్టయినా లేదు.

ఆట ఊరు దాటింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆ ఇంట్లో పరుపులు ఎత్తించారు, డబ్బాలు తెరిపించారు. ఒకామె వాషింగ్ మెషీను వెనక చూడమంది. ఒకాయన బూటులో చూడమన్నాడు.

“మహారాజు బూటులో ఎలా పడతాడండీ?” అని మాస్టారు విరగబడి నవ్వాడు.

దుకాణదారు నవ్వలేదు. “నిజమే, పట్టడు,” అని నిట్టూర్చాడు.

ఆట మీద ఒకటే ఫిర్యాదు. జవాబులు ఆలస్యం. ‘బీరువా వెనక చూడు’ అని కొడితే అరగంటకు తెర మీద పడేది: ‘చూశాను. లేడు. నడుం పట్టేసింది.’ అదీ ఆటలో భాగమేననుకుని జనం పడీపడీ నవ్వారు.

శనివారం భార్య ఫోను చేసింది.

“ఇంట్లో అంతా బాగేనా?”

“దివ్యంగా ఉంది.”

“గొంతేంటి అలా ఉంది?”

“దుమ్ము,” అన్నాడు.

ఆదివారం ఆవిడ బస్సు దిగానని కబురు పెట్టింది. దుకాణదారు ఇంకోసారి మంచం కింద దూరాడు. సరిగ్గా అప్పుడే ఆటలోంచి ఒక పెద్దావిడ రాసిన మాట వచ్చింది.

‘బాబూ, నాకు చూపు లేదు. ఫోను చదివి వినిపిస్తే ఆడుతుంటాను. నీ ఫొటోల సంగతి నాకు తెలియదు. సామాన్ల గది చప్పుడు మాత్రం మళ్లీ మళ్లీ విన్నాను. ఫ్యాను హోరు వెనక ఎవరో రేకును గోకుతున్నారు. నేలకు బాగా దగ్గరగా. అక్కడ రేకు సామాను ఏదైనా ఉంటే దాని లోపల చూడు నాయనా.’

సామాన్ల గదిలో, దుకాణం నుంచి తెచ్చి పడేసిన పాత కళ్ల పరీక్ష కుర్చీ ఉంది. దాని అడుగు రేకుది, డొల్ల.

పై వాటాలో మాస్టారుకు కింద కుర్చీ బోర్లాపడిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే దుకాణదారు చిన్నపిల్లాడిలా ఏడవడం వినిపించింది. “చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికించానే,” అంటున్నాడు. ఏం కొంప మునిగిందోనని మాస్టారు దిగబోతుంటే తెర మీద అక్షరాలు పడ్డాయి: ‘దొరికాడు. ఆట అయిపోయింది. అందరికీ దణ్ణం.’

కింద కాలింగ్ బెల్లు మోగింది. దుకాణదారు మొహం తుడుచుకుని తలుపు తీశాడు.

భార్య సంచీ అయినా దించకుండా, అతని చేతుల్లో కాళ్లాడిస్తున్న తాబేలు బట్టతల మీద వేలితో రాస్తూ, “ఏం మహారాజా, మా ఆయన నిన్ను బాగా చూసుకున్నాడా?” అని అడిగింది.