ఆ కమాండ్ కొట్టొద్దు

ఎనిమిదీ పదికి ఎవరో కీ చూశారు.

నిన్న కూడా ఎనిమిదీ పదికే. మొన్నా అంతే.

ఆసుపత్రి సర్వర్ రూమ్ ఇన్‌ఛార్జి లాగ్‌ను వెనక్కి జరుపుతూ పోయింది. ఆదివారాలతో సహా ఒక్క రోజూ తప్పలేదు. ఆమె ఇక్కడ చేరి ఎనిమిది నెలలు. లాగ్ అంతకంటే వెనక్కి పోతోంది.

"బాబాయ్, ఇలా రండి."

టెక్నీషియన్ ఆమె తర్వాత చేరినవాడే అయినా, ఆ గదిలో వయసులో అందరికంటే పెద్దవాడు. అందుకే అందరికీ బాబాయే. నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని చూశాడు.

"ఐసీయూ అలారం కీ కదా మేడమ్ ఇది?"

"అదే. పేరు లేని పాత అకౌంట్‌తో ఎవరో రోజూ చూస్తున్నారు. ఎవరది?"

"నన్నడిగితే ఎలా? నా పాస్‌వర్డే నాకు గుర్తుండి చావదు."

ఆమె నవ్వలేదు.

ఐసీయూలో పద్దెనిమిది మంచాలు. పేషెంట్ల నిద్ర చెడకూడదని మంచం దగ్గర యంత్రం నోరెత్తదు. గుండె తడబడితే నెట్‌వర్క్ మీద నర్సుల బల్లకు కబురు పంపుతుంది, అలారం అక్కడ మోగుతుంది. కబురు పంపే ముందు యంత్రం తన దగ్గరున్న కీ చూపించి, లోపలికి పాసు తీసుకోవాలి. కీ సరిపడకపోతే దాని మాట ఎవరూ వినరు.

ఆ కీ పరాయివాడి చేతిలో పడితే?



కనెక్షన్ జాడ పట్టుకుని పోతే మూడో అంతస్తు విజిటర్ల హాలు తేలింది. చివరి బెంచీ వెనక, గోడ సాకెట్. బాబాయ్‌నీ, ఒక గార్డునీ వెంటబెట్టుకుని పైకి వెళ్ళింది.

ఆ బెంచీ మీద అరవై దాటిన, తల నెరిసిన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పాత ల్యాప్‌టాప్. నల్లటి తెర మీద నాలుగే నాలుగు తెల్లటి వరుసలు.

"ఏం చేస్తున్నారు ఇక్కడ?"

"కీ నంబరు మారిందేమో చూస్తున్నానమ్మా. అంతే."

"మీ పేషెంటు ఎవరు?"

"ఎవరూ లేరు."

"మరి మీరెవరు?"

ఆయన ల్యాప్‌టాప్ మూయబోయాడు.

ఆమె సైగ చేయగానే గార్డు ల్యాప్‌టాప్ లాక్కున్నాడు.

"నడు నడు. ఈ వయసులో ఇదేం బుద్ధి పెద్దాయనా?"

ఆయన పెనుగులాడలేదు. లిఫ్టు దగ్గర మాత్రం ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆ కీ జోలికి వెళ్ళకు తల్లీ. ఆ కమాండ్ కొట్టొద్దు. కొత్తది తీశావో, మనుషులు పోతారు."

లిఫ్టు తలుపు మూసుకుంది.

"విన్నారా బాబాయ్? ఎంత ధైర్యం ఉంటే నన్నే బెదిరిస్తాడు!"

"మొహం చూస్తే అలాంటివాడిలా లేడు మేడమ్."

"మొహాలు చూసి సర్వర్లు నడపలేం."

కిందికి రాగానే పాత అకౌంట్ తీసేసింది.

"అతని దగ్గర కీ కాపీ ఉండే ఉంటుంది. కొత్తది తీస్తే ఆ కాపీ చిత్తుకాగితమే."

"తీయొద్దనే కదా ఆయన అంతగా చెప్పింది?"

"అందుకే తీయాలి."

ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ కొట్టింది. అర సెకను. కొత్త కీ వచ్చేసింది.

వార్డుకు ఫోన్ చేసి అలారం పరీక్ష చేయించింది. మోగింది. మళ్ళీ చేయించింది. మళ్ళీ మోగింది.

"మీరే గెలిచారు. టీ నాది," అన్నాడు బాబాయ్.

సాయంత్రం ఆరున్నరకు ఆమె బ్యాగు భుజాన వేసుకుంటుండగా ఫోన్ మోగింది. ఐసీయూ పెద్ద నర్సు.

"ఏం మంత్రం వేశావే పిల్లా? గంట నుంచి ఒక్క అలారం లేదు. చెవులకి ప్రాణం లేచొచ్చిందనుకో."

బ్యాగు నేల మీద పడింది.

పద్దెనిమిది మంచాల ఐసీయూలో గంటసేపు అలారం మోగకపోవడమంటూ ఉండదు.

"సిస్టర్, ఒక్కో మంచం దగ్గరికీ వెళ్ళి చూడండి."

"ఎందుకూ? తెర మీద అంతా పచ్చగానే..."

"వెళ్ళండి!"

రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగుల చప్పుడు.

తర్వాత కేక. "డాక్టర్! నాలుగో మంచం! డాక్టర్!"

ఆమె రెండో ఫోన్ అందుకుని గేటుకు కలిపింది.

"పొద్దున్న పంపించేసిన ఆయన ఎక్కడ?"

"ఐదింటి దాకా ఇక్కడే నిలబడ్డాడు మేడమ్. మీతో ఒక్క మాట చెప్పాలని మూడుసార్లు బతిమాలాడు. నేనే లోపలికి పోనివ్వలేదు."

బీరువా అడుగు అరలో ఐసీయూ అలారం ఫైలు ఉంది. ఎనిమిది నెలల్లో ఆమె దాన్ని తెరిచిన పాపాన పోలేదు. మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాసి ఉంది.

'కొత్త కీ తీసిన క్షణంలోనే పాతది చస్తుంది. కొత్తది పద్దెనిమిది యంత్రాల్లోనూ చేత్తో పెట్టాలి. పొద్దున తీసుకున్న పాసులు సాయంత్రం దాకా చెల్లుతాయి. అందుకే పరీక్షలో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.'

బాబాయ్ కొత్త కీ తీసుకుని మెట్ల మీదుగా పరుగెత్తాడు.

చాలాసేపటికి ఫోన్‌లో పెద్ద నర్సు గొంతు వినిపించింది.

"పోయారమ్మా. ఎంతసేపైందో కూడా తెలీదు."

ఆమె చేతులు వాటంతటవే పేజీ తిప్పాయి.

మూడేళ్ళ నాటి విచారణ నివేదిక. అదే కమాండ్. ఆ రోజు కూడా పరీక్షలో మోగి, సాయంత్రం మూగబోయిన అవే అలారాలు. ఒక మరణం.

పైన అంటించిన ఫొటోలో పొద్దున్న బెంచీ మీద కూర్చున్న ఆయనే ఉన్నాడు, ఇంకా నల్లటి జుట్టుతో. హోదా: సర్వర్ రూమ్ ఇన్‌ఛార్జి.

నివేదిక అడుగున బాధ్యుడి సంతకం ఒకటి, మృతురాలి భర్త సంతకం ఒకటి ఉన్నాయి. రెండూ ఒకే చేతివి.