ఆండ్రూ చోటు

“ఆండ్రూని తీసేసింది ఎవురు? బయటికి రమ్మనండి!”

అన్వర్ ఐసు ఫ్యాక్టరీ గేటును రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. అతని వెనక కోట గ్రామం కుర్రకారంతా ఉంది. పొద్దున టీ కొట్టు దగ్గర వార్త వినగానే మెకానిక్ షెడ్డు మూసేసి, చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చాడతను.

ఫ్యాక్టరీ యజమాని పద్మనాభయ్యే ఊరి ఫుట్‌బాల్ టీముకూ యజమాని. చెమట తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

“ఏందబ్బా ఈ గోల? టీము మొత్తానికీ ఇచ్చే జీతం ఒకెత్తు, ఆండ్రూ ఒక్కడికి ఇచ్చేది ఒకెత్తు. ఈ ఏడు ఒక్క గోలన్నా కొట్టినాడా?”

“కొట్టకపోతే పోనీండి సార్! తుఫానప్పుడు మా పిల్లోళ్లని భుజాన మోసి బడికాడికి చేర్చినోడు ఆయన. మీ లాభనష్టాలు మీ రొయ్యల యాపారంలో చూసుకోండి!”

ఈలలు మోగాయి.

“చెప్పేది వినండయ్యా. ఆండ్రూ చోట్లోకి మంచి ఆటగాణ్ణి తీసుకున్నాం. కొత్తబ్బాయి. ఆదివారం సూళ్లూరుపేట మ్యాచిలో దించుతాం. ఒక్కసారి ఆట చూడండి...”

“ఎవుడైనా సరే, మాకొద్దు! ఆండ్రూ చొక్కా ఏసుకోని గ్రౌండులో కాలు పెట్టినాడంటే, ఆ కాలు ఇరగ్గొట్టి పంపిస్తాం!”

జనం హోరెత్తారు. పద్మనాభయ్య తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

అన్వర్ పక్కకు తిరిగాడు. తమ్ముడు అర్మాన్ పెదవి విప్పకుండా నిలబడి ఉన్నాడు.

“ఏందిరా, నోరు పెగల్లేదా? నువ్వు బంతి తన్నడం నేర్చుకుందే ఆయన్ని చూసి గదా. అరవరా!”

“ఆండ్రూ జిందాబాద్,” అన్నాడు అర్మాన్. తర్వాత మెల్లగా, “ఆ కొత్తోడు ఏం చేసినాడన్నా? పిలిస్తే వస్తుండాడు. వాడికీ ఆశుంటది గదా.”

“ఇంకోడి నోటికాడ కూడు లాక్కునే ఆశా? థూ! అట్టాంటోడి మొహం చూస్తేనే పాపం.”

దాహమేస్తోందని చెప్పి అర్మాన్ జనంలోంచి బయటికి నడిచాడు.

ఎండ ముదిరింది. ఎవరో పాత టైర్లు తెచ్చి గేటు ముందు తగలబెట్టారు. అన్వర్ కొత్త ఆటగాడి పేరిట ఒక గడ్డిబొమ్మ కట్టించాడు. దాన్ని చెప్పుతో నాలుగు దెబ్బలు కొట్టి, తనే నిప్పు పెట్టాడు. గొంతు బొంగురుపోయినా అరుపు ఆపలేదు.

పద్మనాభయ్య మళ్లీ బయటికొచ్చాడు. ఈసారి చేతిలో ఫోనుంది. ముఖంలో కోపం లేదు.

“పోండి నాయనా, మీరే గెలిచినారు. ఆండ్రూనే ఉంచుతాం. కొత్తబ్బాయి ఇప్పుడే ఫోన్ చేసినాడు. మా టీములోకి రాడంట. ఈ టీముకనే కాదు, ఇంక ఈ జన్మలో బంతి ముట్టుకోనన్నాడు.”

కుర్రాళ్లు అన్వర్‌ని అమాంతం భుజాల మీదికెత్తుకున్నారు. ఆ ఎత్తులోంచి అతను పగలబడి నవ్వాడు.

“జడుసుకున్నాడ్రా పిరికోడు! ఎవురు సార్ వాడు? పేరు చెప్పండి, ఊరంతా చాటింపు ఏయిస్తా!”

పద్మనాభయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“‘ఆదివారం మా అన్న గ్రౌండుకొచ్చి కళ్లారా చూడాల, అప్పటిదాకా చెప్పొద్దు సార్’ అని నాచేత ఒట్టేయించుకున్నాడు, అన్వర్... మీ అర్మాన్.”