నాలుగోసారి దింపిన ఇంజిన్

గొలుసు మెల్లగా వదులుతూ, పాత స్పోర్ట్స్ కారులోకి నాలుగోసారి ఇంజిన్ దింపింది మెకానిక్ భార్య. మళ్ళీ అదే తంతు. ఫ్యాను రేడియేటర్‌ని ఒరుసుకుంది, బానెట్ మూసుకోలేదు.

"ఎక్కడ అడ్డుపడుతోందో చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

మెకానిక్ కుర్చీలోంచి కదల్లేదు. ఆ కారు బాగుచెయ్యడం అతనూ తమ్ముడూ కలిసి మొదలుపెట్టారు. తమ్ముడు పోయి ఆర్నెల్లయింది. అప్పటి నుంచి అతను ఎవరితోనూ పెదవి విప్పలేదు.

ఆమె స్పానర్ విసిరికొట్టింది. "ఇక నా వల్ల కాదు. తుక్కు కింద ఇచ్చేస్తాను!"

"పిచ్చిదానా," అతని గొంతు జీరగా పలికింది. "ఇంజిన్‌ని మోసే కుడి మౌంటు ఎడమకీ, ఎడమది కుడికీ బిగించావు. ఇంకెలా పడుతుంది?"

ఆమె అతని ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ తప్పు ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. నాలుగుసార్లూ కావాలనే అలా బిగించింది.