ఉడుత వెళ్లిన పని

ఉడుత పిల్లకి మూడు రోజులు జ్వరం కాసింది. ఇప్పుడు తగ్గింది గానీ, పిల్ల తల నిలపలేకపోతోంది.

"ఏమండీ, తినడానికి ఏదో ఒకటి తెండి, త్వరగా!" అంది తల్లి ఉడుత.

తండ్రి ఉడుత పరుగున పక్కనున్న జామచెట్టెక్కాడు. పండు కొరకబోతుంటే కింద పాదుకి సొరకాయ కనబడింది. రెంటిలో ఏది పెడితే పిల్లకి బలం? పడనిది పెడితే?

"జామపండే! అన్ని విటమిన్లు ఇంక దేంట్లో ఉన్నాయి?" అంది కొమ్మ మీది చిలక.

"ఆ గింజలు అరగొద్దూ? నీరసానికి సొరకాయే మంచిది. చలవ," అంది పాదు కింది కుందేలు.

"సొరకాయలో ఉన్నదంతా నీళ్లేగా!"

"ఆ నీళ్లే కావాలి పిల్లకి!"

ఉడుత చెట్టు దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు. ఎండ నడినెత్తికొచ్చింది. గూట్లోంచి వినబడే పిల్ల మూలుగు సన్నబడిపోయింది. ఉడుత హడలిపోయి గూటికి పరుగెత్తాడు.

తల్లి పిల్లని పొదువుకుని గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

"వెళ్లిన పని కాయా, పండా?" అని అడిగింది.

ఉడుత తన ఖాళీ చేతుల వంక చూసుకున్నాడు.

"అదే ఇంకా తేల్లేదే," అన్నాడు.