కావడి చెయ్యి

"మళ్ళీ వంగింది!" నత్సుమె గొంతులో ఏడుపు పలికింది.

బియ్యం మూట పట్టుకున్న రోబో చెయ్యి సగం దాకా లేచి, కటకటమంటూ దిగిపోయింది. చక్రం పళ్ళు రెండు ఊడి నేల మీద పడ్డాయి. జపాన్‌లోని సెందాయ్ స్టేడియంలో కళాశాలల రోబో పోటీ ఫైనల్‌కు సరిగ్గా నలభై నిమిషాలుంది.

చిజురు జాకెట్ విప్పి, తిరగేసి నడుముకు కట్టుకుంది. "ఏడిస్తే మోటారుకు తుప్పు పడుతుంది. జరుగు."

"ఇంకా పెద్ద మోటారు వేద్దామా అక్కా?" జట్టు నాయకుడు కెన్‌గో అడిగాడు.

"ఒక్కవైపే బిందె ఉంటే కావడి ఎంత బలవంతుడు మోసినా ఒరుగుతుంది. చెయ్యి చివర ఇంత మోటారు పెట్టిన మహానుభావుడెవరు?"

నత్సుమె తల దించుకుంది. "నేనే. మీకిది ఆఖరి ఏడు కదా అక్కా, అంతా చెడగొట్టాను."

"ఇంకా ఏదీ చెడలేదు. మోటారును కిందికి దింపి, పళ్ళచక్రం బదులు దారంతో లాగిద్దాం. బ్యాటరీని వెనక్కి జరపండి. అదే రెండో బిందె."

"బరువు దాటితే ఆడనివ్వరే!" అన్నాడు కెన్‌గో.

"కొత్తగా ఏం చేర్చాం? ఉన్నదే చోటు మారింది."

చిజురు పరుగున వెళ్ళి తన పెట్టెలోంచి చేపల గాలపు దారం తెచ్చింది. ఆమె వేళ్ళు తడబాటు ఎరగవు. గత ఏడాది ఫైనల్లో ఒక రోబో అంగుళం కూడా కదల్లేదు. ఆట జరగకుండానే జనం లేచి వెళ్ళిపోయారు. అది తలుచుకుంటే చిజురుకు ఇప్పటికీ ముద్ద దిగదు. ఈసారి అలా జరగనిచ్చే ప్రసక్తే లేదు.

పోటీలో మాస్టర్లు పనిముట్టు ముట్టకూడదు. అందుకని మాస్టారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. చిజురు తలెత్తగానే ఆయన నడుం దాకా వంగి నమస్కరించారు. అంత పెద్దాయన వంగేసరికి ఆమెకు సిగ్గేసింది.

"చెమట కళ్ళలోకి కారుతోంది, ఇది కట్టుకోండక్కా." నత్సుమె తన నీలం తలపట్టీ విప్పబోయింది.

"అది నీ నుదుటి మీదే ఉండాలి. నాకు చేతిగుడ్డ చాలు. ముడి గట్టిగా పట్టుకో."

"మీకెందుకక్కా ఇంత కష్టం?" కెన్‌గో ఉండబట్టలేక అడిగేశాడు.

"నాకు ఫైనల్ ఆడాలనుంది. ఈ చెయ్యి లేవకపోతే నాకు ఆటే లేదు. కబుర్లాపి బోల్టు బిగించు."

పదకొండు నిమిషాలుండగా మీట నొక్కారు. చెయ్యి మూటను పట్టుకుని వణక్కుండా లేచింది. పసిపిల్లను ఎత్తుకున్నంత నెమ్మదిగా బల్ల మీద దింపింది. నత్సుమె ఎగిరి గంతేసి చిజురు మెడ పట్టుకుంది. తూకం దగ్గర ముల్లు గీతకు ఇవతలే ఆగింది.

"ఇక ఎవరొచ్చినా భయం లేదు!" అన్నాడు కెన్‌గో.

"ఆ ధీమా చివరిదాకా ఉండాలి మరి," అని చిజురు నవ్వింది.

ఈల మోగింది. స్టేడియం హోరెత్తింది. నీలం పట్టీల జట్టు రోబోను గీత దగ్గరికి నెట్టుకెళ్ళింది. చిజురు నడుముకున్న జాకెట్ విప్పి, దులిపి, సరిగా తొడుక్కుంది.

అది ఎరుపు రంగుది, ఎదుటి జట్టు నాయకురాలిది.